శివయ్య మీద మేం రాసిన ఫిర్యాదు

మా సౌభాగ్య కాలనీలో అందరూ చదువుకున్నవాళ్లే. ఈ మాట మా సంఘం అధ్యక్షుడు నరసరాజుగారు ప్రతి మీటింగులోనూ చెబుతారు కాబట్టి నిజమే అయి ఉంటుంది. బ్యాంకుల్లో మేనేజర్లుగా చేసినవాళ్లు, రాజేంద్రనగర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాళ్లు, విమానాశ్రయంలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, ఏలూరు పక్కనుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పిన నేను. ఇంతమందిమి కలిసి, ఏడో తరగతిలో బడి మానేసిన ఒక కరెంటు పనివాడికి ఏం చేశామో చెబుతాను. నా పేరు జ్ఞానప్రసూనాంబ. పేరు పెట్టినవాళ్లు నా నుంచి ఏదో ఆశించే ఉంటారు, పాపం.

ఆ పనివాడు శివయ్య. సొంతూరు తొండుపల్లి, మా కాలనీకి కూతవేటు దూరం. నలభై ఎనిమిదేళ్లు, బక్కపలచటి మనిషి. పద్నాలుగేళ్లుగా కరెంటాఫీసులో కాంట్రాక్టు మీద లైన్ల పని చేస్తున్నాడు. కాంట్రాక్టు అంటే, స్తంభం ఎక్కేటప్పుడు ఆఫీసు మనిషి, కింద పడితే కాంట్రాక్టరు మనిషి. మేం అతన్ని పేరు పెట్టి పిలిచింది తక్కువ. “కరెంటతనూ” అనేవాళ్లం. పలికేవాడు.

కాలనీ పుట్టినప్పుడు నలభై ఇళ్లు. వాటికి సరిపడా ఒక వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ని మూలమీద దిమ్మె కట్టి నిలబెట్టారు. ఇప్పుడు నూట నలభై ఇళ్లు. ఇళ్ల మీద అంతస్తులు, అంతస్తుల మీద రేకుల గదులు, ఆ గదుల్లో క్యాబ్ డ్రైవర్లూ, కార్గోలో మూటలు మోసే కుర్రాళ్లూ. ఏసీ లేని గదికి కిరాయికి ఎవరూ రారు కాబట్టి ప్రతి గదికీ ఒక ఏసీ. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే. కుండ మారలేదు, తినేవాళ్లు మూడింతలయ్యారు.

అది పేలిపోకుండా ఎలా నడుస్తోందని మాలో ఒక్క చదువుకున్నవాడికీ సందేహం రాలేదు. నడిపిస్తున్నది శివయ్య. ఫ్యూజు తీగ సన్నగా ఎందుకుంటుందో నాకు చెప్పింది అతనే. లోడు మించితే ముందు అది కాలిపోయి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడాలి. మా కాలనీకి సరైన తీగ వేస్తే గంటకోసారి కాలిపోతుంది. అందుకని శివయ్య రెండు మూడు తీగలు కలిపి పురి పెట్టి లావుగా వేసేవాడు. రూలు ప్రకారం అది తప్పు. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కితే తడి గోనెసంచులు కప్పేవాడు. ఒక వరసలో లోడు ఎక్కువైతే నాలుగిళ్ల తీగలు విప్పి ఇంకో వరసలో కలిపేవాడు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే రెండుంపావుకల్లా తెచ్చేవాడు. ఆ పావుగంటా మేం బాల్కనీల్లో నిలబడి, “ఏం డిపార్ట్‌మెంటో, ఏం దేశమో” అని విసుక్కునేవాళ్లం. వచ్చాక లోపలికి పోయేవాళ్లం. తెచ్చినవాడికి మంచినీళ్లయినా ఇచ్చామా అంటే నాకు గుర్తు లేదు. గుర్తు లేదంటే ఇవ్వలేదనే.

అలా ఉండగా మా మీదికి ప్రణాళిక వచ్చింది. నగరం విమానాశ్రయం వైపు పెరుగుతోంది, పదేళ్ల తర్వాత ఏ వీధికి ఎంత కరెంటు కావాలో ఇప్పుడే లెక్కగట్టాలి అని పైవాళ్లు అనుకున్నారట. మంచి ఆలోచనే. లెక్క గట్టడానికి ఎక్కడిదో ఒక కన్సల్టెన్సీని పెట్టారు. వాళ్ల తరఫున ఉదయభాస్కర్ అనే ఇంజినీరు, చేతిలో ట్యాబు పట్టుకుని, ఆషాఢంలో చల్లటి రోజు చూసుకుని మరీ వచ్చాడు. ఇంటింటికీ వెళ్లి ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని ఏసీలు, గీజర్లు, మోటార్లు ఉన్నాయో అడిగి రాసుకోవాలి. అడ్రసులు చూపించడానికి శివయ్యను వెంట ఇచ్చారు.

ముందురోజే నరసరాజుగారు వాట్సాప్‌లో పెట్టారు. “సర్వే నెపంతో ఎక్స్‌ట్రా లోడు పట్టుకోవడానికి వస్తున్నారు. సభ్యులు అప్రమత్తంగా ఉండగలరు.” గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కాలనీ మొత్తం లేచింది. మీటరుకి రాయించుకున్న లోడు రెండు కిలోవాట్లు, వాడుతున్నది ఏడు. అది నా ఒక్కదాని సంగతి కాదు, అందరిదీ అంతే.

ఆ పొద్దున మా కాలనీ చూసితీరవలసింది. మేడల వెనక ఏసీ డబ్బాల మీద బొంతలు ఆరేశారు. ఒకావిడ డబ్బా మీద తులసి కుండీ పెట్టి పసుపు రాసింది. నరసరాజుగారు హాల్లో ఏసీ ముందు వాళ్ల నాన్నగారి పటం వేలాడదీసి దండ వేశారు. ఆ పెద్దాయన బతికున్నన్నాళ్లూ చెమటలు కక్కుకుంటూ విసనకర్రతో గడిపారు. పోయాక ఏసీకి అడ్డం నిలబడ్డారు. నేనేం తక్కువ తిన్నానా? నా పెళ్లి పట్టుచీరల్లో ఒకటి తీసి ఏసీ మీద తోరణంలా కట్టాను. ఉదయభాస్కర్ చూసి, “పూజ ఏదైనా ఉందా మేడమ్?” అన్నాడు. “శుక్రవారం కదండీ” అన్నాను. ఆ రోజు మంగళవారం. అతను అదీ పట్టించుకోలేదు. ట్యాబులో ‘ఫ్యాన్లు రెండు, బల్బులు నాలుగు’ అని కొట్టుకున్నాడు.

శివయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయి మెల్లగా అన్నాడు. “టీచరమ్మా, జర ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. గిప్పుడు దాస్తే ఎండకాలంల మనమే పరేషాన్ అయితం.”

“మాకు ఏసీ పడదు శివయ్యా, ఫ్యాను గాలే ఇష్టం” అన్నాను. అతని మొహంలోకి చూస్తూ, రెప్ప వాల్చకుండా అన్నాను. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు సత్యవాక్పాలన పాఠం చెప్పిన నోరిది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడం తెలిసినవాడు మా పక్కనే ఉన్నాడు. కాలనీ దాటాక స్వర్ణహంస ఎయిర్‌సిటీ అని ఒక వెంచరు. రంగు పూసిన హద్దురాళ్లు, వాటి మధ్య మేకలు, ఆర్భాటంగా ఒక గేటు. ఇల్లు అన్నది ఒక్కటీ లేదు. అక్కడి ఆఫీసు గదిలో కూర్చున్న మనిషి ఉదయభాస్కర్‌కి టీ ఇచ్చి, రెండొందల విల్లాలు, ఈతకొలను, లిఫ్టులు, కార్లకు చార్జింగు పాయింట్లు అని వరసగా చెప్పాడట. అన్నీ ట్యాబులోకి ఎక్కాయి. ఉన్నది దాచినవాళ్లకు లేదనీ, లేనిది చెప్పినవాళ్లకు ఉందనీ రాసుకుని ఆ అబ్బాయి కారెక్కి వెళ్లిపోయాడు.

సంక్రాంతి దాటిన రెండు వారాలకు ఫలితం వచ్చింది. కమ్యూనిటీ హాల్లో తెర కట్టి ఉదయభాస్కర్ రంగురంగుల మ్యాపు చూపించాడు. మా కాలనీ చక్కగా ఆకుపచ్చగా ఉంది. ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో పదేళ్లు సరిపోతుందట. మేకలు మేసే వెంచరు ఎర్రగా ఉంది. అక్కడ అర్జెంటుగా నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు కావాలట. ఎక్స్‌ట్రా లోడు పట్టుబడలేదన్న సంతోషంలో మేం చప్పట్లు కొట్టాం.

తలుపు దగ్గర నిలబడ్డ శివయ్య అడిగాడు. “సారూ, గీ లెక్క ఏడికెల్లి వచ్చింది? ఎండకాలం గా ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా మీద నీళ్లు జల్లితే సుయ్యిమంటది.”

“సర్వే డేటా, ప్లస్ మీ ఆఫీసు రికార్డు” అన్నాడు ఉదయభాస్కర్. “రెండేళ్లలో ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్క పెద్ద అంతరాయం లేదు. ఒక్క రాతపూర్వకమైన ఫిర్యాదు లేదు. చాలా ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క.”

“లేదంటే, నేను ఆపుతున్న గాబట్టి లేదు సారూ.”

ఉదయభాస్కర్ ట్యాబు చూసుకున్నాడు. “దానికి కాలమ్ లేదండీ” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అతని లెక్కలో శివయ్య చేతులు లేవు. శివయ్య ఎంత బాగా పనిచేస్తే కాలనీకి అంత తక్కువ అవసరం ఉన్నట్టు తేలింది. ఇంత పెద్ద చదువుల్లో ఇంత చిన్న సంగతి ఎలా పట్టకుండా పోయిందో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఏప్రిల్ మొదటి వారంలో, మిట్టమధ్యాహ్నం, లావు తీగ వేస్తుండగా ఫ్యూజు డబ్బా దగ్గర మెరుపు మెరిసినట్టయింది. శివయ్య కుడి అరచెయ్యి కాలింది. దవాఖానలో కట్టు కట్టించుకుని సాయంత్రానికి మళ్లీ దిమ్మె దగ్గరున్నాడు, ఎడమచేత్తో. మర్నాడు అతని భార్య రేణుకమ్మ మా ఇంటికొచ్చింది. ఎయిర్‌పోర్టు సిబ్బందికి భోజనాలు కట్టే చోట రొట్టెలు చేస్తుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఇంకో డబ్బా రాకపోతే గీ ఎండకాలం ఆయన సస్తడు టీచరమ్మా. చెయ్యి కాలింది, మల్లొకపారి పానమే పోతది. మీ కాలనోళ్లందరు సంతకాలు పెట్టి అడగరాదు?”

నిజమే అనిపించింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అర్జీ రాసి ఇంటింటికీ తిరిగాను. అర్జీతో పాటు ఎవరింట్లో ఎంత వాడకం ఉందో జాబితా జతచేయాలన్నాడు శివయ్య. ఆ జాబితా చూడగానే మా చదువుకున్నవాళ్ల కళ్లజోళ్లు మసకబారాయి. “మావారు లేరండీ.” “చూసి చెబుతానండీ.” “మీరు పెట్టండి, మా మద్దతు ఎలాగూ ఉంటుంది.” నరసరాజుగారైతే, “సంతకం అంటే ఒప్పుకోలేనమ్మా. రేపు ఎక్స్‌ట్రా లోడుకి చార్జీలు వేస్తే ఎవరు బాధ్యులు?” అన్నారు. నాలుగు రోజులు తిరిగితే వచ్చినవి నాలుగు సంతకాలు. అందులో ఒకటి నాది, నా ఏసీ జాబితాలో రాయకుండా పెట్టినది.

ఐదో రోజు శివయ్య వచ్చాడు. కట్టు మాసిపోయి ఉంది.

“టీచరమ్మా, మా ఇంజినీరు సారును అడిగిన. కంప్లైంటు లేని కాడ డబ్బా ఎట్ల అడగాలె అంటున్నడు. కరెంటు మూడు దినాలు బందై, జనం కాగితం పెడితే, అప్పుడు ప్లానుతోని పని లేదంట. అర్జెంటు కింద ఇస్తరంట.” కట్టున్న చెయ్యి గుమ్మానికి ఆనించి అన్నాడు. “మీరు నా మీద కంప్లైంటు రాయుండ్రి.”

“నీ మీదా?”

“ఆఁ. ఉత్తగ కరెంటు లేదంటే ఎవరు సూడరు, మనిషి పేరుంటేనే ఫైలు కదులుతది. శివయ్య పని చేస్తలేడు, మూడు దినాల సంది కరెంటు లేదు. గంతే రాయుండ్రి. నాకో మెమో ఇస్తరు. ఇయ్యనీ. మెమో తోని సావను గద.”

“మరి కరెంటు?”

“రేపటి సంది రూలు ప్రకారం పని చేస్త.”

అన్నట్టే చేశాడు. పుస్తకంలో ఎంత సన్నతీగ వేయమని ఉందో అంతే వేశాడు. గోనెసంచులు తీసేశాడు. కాలిపోయిన ప్రతిసారీ, ఆఫీసుకి ఫోన్ చేసి, లైను ఆపించి, చేతికి తొడుగులు వేసుకుని, మళ్లీ సన్నతీగే కట్టాడు. ఒక తప్పూ చేయలేదు. మూడు రోజులు మా కాలనీ ఆవిరి కుడుముల్లా ఉడికింది. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, ట్యాంకుల్లో నీళ్లు అయిపోయాయి, రేకుల గదుల కుర్రాళ్లు చాపలు పట్టుకుని రోడ్డు మీద పడ్డారు.

మూడో రోజు సాయంత్రం నేను ఫిర్యాదు రాయడానికి కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాను. శివయ్య చెప్పిన ఒక్క వాక్యం రాశాను. సంతకాలకు పిలుద్దామని తలెత్తితే ఎదురుగా వరస. ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే ఇంట్లో లేని మగవాళ్లందరూ వచ్చారు. ‘మద్దతు ఎలాగూ ఉంటుంది’ అన్నవాళ్లు కలం తెచ్చుకుని వచ్చారు. ఇందులో జాబితా లేదుగా, తిట్టడానికి లోడు చెప్పక్కర్లేదు.

“ఇంత చప్పగా రాస్తే ఎవరు కదులుతారమ్మా? తాగి వస్తాడని రాయండి” అన్నారు నరసరాజుగారు.

“ఫ్యూజు వేయడానికి డబ్బులడుగుతాడనీ రాయండి” అన్నారు ఇంకొకరు.

“ఆడవాళ్లతో దురుసుగా మాట్లాడతాడు.”

“తీగ దొంగిలించి అమ్ముకుంటాడు.” ఇదెవరన్నారో చూడలేదు, వెనక వరసలోంచి వచ్చింది.

శివయ్య తాగగా నేను చూడలేదు. రూపాయి అడగగా వినలేదు. నన్ను ఎప్పుడూ ‘టీచరమ్మా’ అనే పిలిచాడు, ఏకవచనంలో ఒక్క మాట అనలేదు. అయినా రాశాను. కాగితానికి బలం ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ తొందరగా వస్తుందని, వస్తే అతనికే కదా మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. మూడు రోజులుగా నిద్ర లేదు, ఒళ్లంతా చెమటకాయలు, ఎవరినో ఒకరిని తిట్టాలని నాకూ ఉంది. అతను ఒకటి రాయమంటే మేం పదకొండు రాశాం. తిలాపాపం తలా పిడికెడు. పావుగంటలో నూట ముప్ఫయ్యారు సంతకాలు.

ఫిర్యాదు ఇచ్చిన తొమ్మిదో రోజున క్రేను వచ్చి కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ని దింపింది. వెంచరుకి వెళ్లాల్సిన నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకటి ఇటు మళ్లించారట. నరసరాజుగారు కొబ్బరికాయ కొట్టి, “ఐకమత్యంగా పోరాడితే సాధించలేనిది లేదు” అని ఉపన్యసించారు. ఆ సాయంత్రం నూట నలభై ఇళ్లలో ఏసీలన్నీ ఒకేసారి తిరిగినా కరెంటు కన్నార్పలేదు. శివయ్య అక్కడ లేడు. ఉన్నాడేమోనని ఎవరూ చూడలేదు కూడా.

వారం తర్వాత రేణుకమ్మ వచ్చింది. చేతిలో మా ఫిర్యాదు జిరాక్సు.

“పని తీసేసిన్రు” అంది. “డ్యూటీ చేస్తలేడంటే మెమోతోని పోవునంట. లంచం, తాగుడు, దొంగతనం అని ఉంటే కాంట్రాక్టోళ్లను ఉంచరంట. పద్నాలుగేండ్లు. ఇప్పుడు కాటేదాన్‌ల ఏదో కంపెనీ గేటు కాడ కూసుంటున్నడు.” కాగితం నా ముందు చాచింది. “ఆయన తాగంగ ఎన్నడన్న జూసినవా?”

“లేదు.”

“పైసలడిగిండా?”

“లేదు రేణుకమ్మా.”

“మరి ఎందుకు రాసినవ్?”

“అందరూ చెప్పారు, రాశాను” అన్నాను. పిల్లలు కాపీ కొట్టి దొరికిపోయినప్పుడు ఇదే మాట అనేవాళ్లు. గోడకుర్చీ వేయించేదాన్ని.

ఆమె ఏడవలేదు, అరవలేదు. “ఆయన నిన్ను నమ్మి అడిగిండు. ఆఫీసుకు పొయ్యి, గియన్ని అబద్ధమని ఒక్క కాగితం రాసియ్యి. మల్ల తీసుకుంటరు” అంది.

రాశాను. ఆ రాత్రే ఇంటింటికీ తీసుకువెళ్లాను. ఒక్క సంతకం పడలేదు. “వచ్చింది కదండీ కరెంటు, ఇంకెందుకు కెలకడం?” అన్నారు నరసరాజుగారు. పోనీ, నా ఒక్కదాని సంతకంతోనే మర్నాడు ఆఫీసుకి వెళ్లాను.

శివయ్య పైనున్న కరెంటాఫీసు ఇంజినీరు మల్లేశ్వర్ నా కాగితం రెండుసార్లు చదివాడు. మంచివాడే.

“శివయ్య తాగడు మేడమ్, నాకు తెల్వదా? కని కాగితం మీద నూట ముప్ఫై ఆరు సంతకాలున్నయ్. నేనేం చెయ్యాలె?” అన్నాడు. “గిది తీసుకుంటే ఆయనకు పని మల్ల ఇప్పియ్యొచ్చు. కానీ ఒక్కటున్నది. మీ ఫిర్యాదు అబద్ధం అని మీరే రాసిస్తున్నరు.”

“కొంతే అబద్ధం.”

“కొంతైనా, కాగితం ఒక్కటే గద. మల్ల విచారణ పెట్టాలె. ఆ ఫిర్యాదు మీదనే మీ ట్రాన్స్‌ఫార్మర్ శాంక్షనైంది. విచారణ అయ్యేదాక దాన్ని పీకి ఇంకో దిక్కు పెడ్తరు. ఎండకాలం, అడిగెటోళ్లు మస్తుగున్నరు. వెంచరాయన అయితే దినాం ఫోన్ చేస్తున్నడు.” కాగితం బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు. “చెప్పుండ్రి మేడమ్. ఇన్‌వర్డు రిజిస్టర్ల ఎక్కియ్యాల్నా?”

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. శివయ్య కాలిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ మూడు రోజుల ఉక్కపోత కూడా గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తొచ్చిందో నిజాయితీగా చెప్పాలంటే, ఉక్కపోతే. సిగ్గేసింది. చెయ్యి మాత్రం చాచాను.

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆటో ఎక్కి ఇంటికొచ్చి, తలుపులు వేసి, ఏసీ వేసుకుని పడుకున్నాను. చల్లగా ఉంది. సాయంత్రం రేణుకమ్మ వచ్చి తలుపు కొట్టింది. నేను లేవలేదు.